నచికేతుని మొదటి వరం



యాత్ర అన్న శబ్దం చెవిన పడగానే ఆస్తికుని మనస్సులో కాశి, రామేశ్వరం, బదరి, శ్రీశైలం మెదలుతాయి. గమ్యస్థానంలో దేవత కొలువై ఉన్నది కనుక మార్గమంతా పుణ్యప్రదమని విశ్వాసం. అయితే ఇంటి పెద్దలు యాత్రకు బయలుదేరేవారిని "ఎక్కడికి?" అని అడిగిన వెంటనే "ఎవరితో?" అని కూడా అడుగుతారు. ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె చిన్నది కాదు. వివాహ సంస్కారంలో వధూవరులు కలిసి వేసే ఏడడుగులతోనే సఖ్యం సిద్ధిస్తుందని శాస్త్రం చెబుతున్నది. కలిసి దారి నడవడమే ఒక సంబంధం. ఆ సంబంధానికి ఒక ధర్మం ఉన్నది.

ఆ ధర్మాన్ని విచారించడానికి ఈనాడు ఒక విలక్షణమైన యాత్రను పరిశీలించవలసి ఉన్నది. దాని గమ్యంలో ఆలయం లేదు. బయలుదేరేటప్పుడు ఎవరూ సంకల్పం చెప్పుకోలేదు. కాని ఆ దారిలో ఒక తండ్రి, ఒక కుమారుడు కఠోపనిషత్తులోని ప్రశ్నకే తమకు తెలియకుండా ఎదురుపడ్డారు. పైగా ఆ తండ్రి యౌవనంలో కాశీక్షేత్రానికి వచ్చి, వేదాంతం చదివి, ఒక సమాధానంతో మనస్సు విరిగి వెళ్ళిపోయినవాడు. ఆ కారణం చేత ఈ కథ మనకు పరాయిది కాదు.

రెండు వాహనాలు, నలుగురు యాత్రికులు

1968 జూలై నెలలో అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరం నుండి రెండు మోటారు సైకిళ్ళు పశ్చిమాభిముఖంగా బయలుదేరాయి. మొదటిది 305 సి.సి. హోండా సూపర్ హాక్. దానిని నడిపినవాడు రాబర్ట్ పిర్సిగ్, 39 సంవత్సరాలవాడు. వెనుక కూర్చున్నవాడు ఆయన పెద్ద కుమారుడు క్రిస్, 11 సంవత్సరాల బాలుడు. రెండవ వాహనం జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యూ.; దానిపై జాన్, సిల్వియా అనే మిత్రదంపతులు. గుడారం, పరుపుచుట్టలు, వానకోట్లు, పనిముట్లు మాత్రమే సామగ్రి. పెద్ద రహదారులను విడిచి, పల్లెల మధ్యగా సాగే చిన్న దారులను వారు కోరి ఎంచుకున్నారు. డకోటా మైదానాలు దాటి మోంటానా రాష్ట్రం చేరి, 10,947 అడుగుల ఎత్తున ఉన్న బేర్‌టూత్ కనుమను ఎక్కి, యెల్లోస్టోన్ వనం మీదుగా బోజ్‌మన్ పట్టణం వరకు నలుగురూ కలిసి వెళ్ళారు. అక్కడి నుండి మిత్రులు వెనుదిరిగారు. తండ్రీకొడుకులు మాత్రం ఐడహో, ఆరెగన్ రాష్ట్రాలు దాటి పసిఫిక్ సముద్రతీరానికి, శాన్‌ఫ్రాన్సిస్కోకు సాగిపోయారు.

పిర్సిగ్ తన సంచిలో మూడు పుస్తకాలు పెట్టుకున్నాడు. రెండు మోటారు సైకిలు మరమ్మతుకు సంబంధించినవి. మూడవది థోరో రచించిన 'వాల్డెన్'. భగవద్గీతను శిరసా శ్లాఘించిన అమెరికన్ రచయితలలో థోరో అగ్రగణ్యుడన్న సంగతి చదువరులకు తెలిసినదే. మరమ్మతు శాస్త్రం రెండు పాళ్ళు, అంతర్ముఖ చింతన ఒక పాలు: ఈ మూడు పుస్తకాలే ఆ యాత్రికుని స్వభావాన్ని చెబుతున్నవి.

ఈ ప్రయాణాన్ని ఆధారం చేసుకొని ఆయన వ్రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' అనే గ్రంథాన్ని 121 మంది ప్రచురణకర్తలు తిరస్కరించారు. 1974లో అది వెలువడిన తరువాత లక్షలాది పాఠకులు దానిని చదివారు. ఆ వాహనం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంగ్రహాలయంలో భద్రంగా ఉన్నది.

యంత్రంలో న్యాయశాస్త్రం

ఆ గ్రంథంలో యంత్రాన్ని గురించిన ప్రసంగాలు తర్కశాస్త్రం చదివినవారికి ఎంతో పరిచితంగా తోస్తాయి. అంతకుముందొక పర్యాయం తండ్రీకొడుకులు ఇదే వాహనంపై ప్రయాణిస్తుండగా భారీ వర్షం కురిసి, దారిలో ఇంజను ఆగిపోయింది. పిర్సిగ్ బండిని అటూ ఇటూ ఊపి చూశాడు. లోపల పెట్రోలు కదిలే శబ్దం వినిపించింది. కనుక ఇంధనం ఉన్నదని నిశ్చయించి, వర్షమే కారణమని భావించి, ఇంకేవేవో పరీక్షించి, విఫలుడై, ఆ యాత్రనే విరమించి ఇల్లు చేరాడు. తరువాత విప్పి చూస్తే తెలిసినది ఒక్కటే: పెట్రోలు అయిపోయింది. వినిపించిన శబ్దం రిజర్వులో ఉన్న పెట్రోలుది. దాని మీటను ఆయన తిప్పనే లేదు.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే కాకి వల్లనే పండు రాలిందనుకోవడాన్ని పెద్దలు కాకతాళీయ న్యాయం అన్నారు. వాన కురిసినది, బండి ఆగినది. కనుక వాన వల్లనే ఆగినదన్న నిశ్చయం ఇటువంటిదే. శబ్దం అనే హేతువు ఉన్నది కాని, అది సాధించదలచిన విషయాన్ని సాధించలేదు. హేత్వాభాసం వాదసభలలోనే కాదు, వర్షంలో తడుస్తున్న బాలుని సెలవు దినాలలో కూడా తన ఫలాన్ని ఇస్తుంది.

మరొక సన్నివేశం ఇంతకంటె ఆలోచింపజేస్తుంది. జాన్ వాహనపు హ్యాండిలు బిగింపు వదులై జారుతుండగా, పిర్సిగ్ ఒక పరిష్కారం సూచించాడు. పారవేసిన బీరు డబ్బా నుండి సన్నని అల్యూమినియం రేకు కత్తిరించి సందులో పెడితే సరిపోతుంది; తుప్పు పట్టదు, మెత్తగా అమరుతుంది. జాన్ నొచ్చుకున్నాడు. అంత విలువైన జర్మన్ వాహనానికి పానీయపు డబ్బా ముక్కా? పిర్సిగ్ చూసినది లోహాన్ని. జాన్ చూసినది డబ్బాను. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిని, మట్టితో చేసిన వస్తువులను చూపి బోధించిన విషయం ఇదే కదా. ఉపాదానం తెలిసినవానికి నామరూపాలు అడ్డు రావు. నామరూపాలలో చిక్కుకున్నవానికి, కళ్ళ ముందు ఉన్న పరిష్కారం కూడా అవమానంగా తోస్తుంది.

విలువల విషయంలో మొండిపట్టు ఎంత ప్రమాదమో చెప్పడానికి పిర్సిగ్ ఎంచుకున్న ఉదాహరణ దక్షిణ భారతదేశానిదే. తొలిచిన కొబ్బరికాయలో అన్నం పెట్టి, గుంజకు కట్టి ఉంచుతారు. కోతి చేయి లోపలికి దూరుతుంది కాని, అన్నం పట్టుకున్న పిడికిలి బయటికి రాదు. పిడికిలి విప్పితే స్వేచ్ఛ. విప్పదు కనుక బంధం. తెలుగువారు మర్కటముష్టి అన్న మాటను నిత్యం వాడుతూనే ఉంటారు. గొలుసు లేకుండానే జీవుడు ఎలా బద్ధుడవుతాడో ఆ ఒక్క మాట చెబుతుంది.

ఇంత సూక్ష్మబుద్ధి గలవాడు, ఇంజను శబ్దంలో స్వల్ప భేదాన్ని కూడా మైళ్ళ కొద్దీ గమనిస్తూ పోయేవాడు, ఒక్క శబ్దాన్ని మాత్రం వినలేకపోయాడు. అది ఆయన వీపు వెనుకనే ఉన్నది.

వీపు మాత్రమే కనిపించిన బాలుడు

భక్తిశాస్త్రంలో మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అని రెండు ప్రసిద్ధమైన దృష్టాంతాలు ఉన్నవి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని తీసుకువెళుతుంది. మోటారు సైకిలు వెనుక కూర్చున్న బాలుడు కోతిపిల్ల వంటివాడు. పట్టు వదిలితే పతనం. పట్టుకున్నంతసేపు వానికి కనిపించేది తండ్రి వీపు మాత్రమే. ముందు పర్వతాలు ఉన్నా, మైదానాలు ఉన్నా, బాలుని ప్రపంచం ఆ వీపుతోనే ముగుస్తుంది.

క్రిస్‌కు దారిపొడుగునా కడుపునొప్పి వచ్చేది. దేహంలో రోగం లేదని, అది మనోవ్యాధికి ఆరంభ లక్షణం కావచ్చునని వైద్యులు తండ్రికి చెప్పి ఉన్నారు. బాలుడు అకారణంగా అలిగేవాడు, ఏడ్చేవాడు. యాత్ర ఆరంభంలో ఒక రాత్రి, దయ్యాలు ఉన్నాయని నమ్ముతావా అని తండ్రిని అడిగాడు. తండ్రి ప్రకృతి నియమాలు కూడా మనస్సులోని దయ్యాలవంటివే అని దీర్ఘమైన తత్త్వవిచారం చేశాడు. ఆ విచారం పండితోచితమైనది. కాని బాలుడు అడిగినది వేరొక దయ్యాన్ని గురించి.

ఆ దయ్యం తండ్రి యొక్క పూర్వరూపమే. కొన్ని సంవత్సరాల క్రితం పిర్సిగ్ బోజ్‌మన్ కళాశాలలో రచనావిద్య బోధించేవాడు. 'మేలిమి' అంటే ఏమిటి, ఒక రచన మంచిదని అందరికీ తెలుస్తూనే ఉన్నా ఎందుకు నిర్వచించలేకపోతున్నాము అన్న ప్రశ్న ఆయనను పట్టుకున్నది. ఆ ప్రశ్న వెంట పోయి పోయి ఆయన నిద్రాహారాలు మరచి, మతి చలించి, 1960ల ఆరంభంలో ఆసుపత్రి పాలైనాడు. విద్యుదాఘాత చికిత్సతో స్మృతులు చెదరిపోయాయి. ఇంటికి తిరిగి వచ్చినవాడు సౌమ్యుడు, మితభాషి. కాని బాలునికి తెలిసిన తండ్రి కాడు. పిర్సిగ్ తన పూర్వరూపానికి గ్రంథంలో 'ఫేడ్రస్' అని పేరు పెట్టి, మరణించిన మరొక మనిషిని గురించి చెబుతున్నట్లు చెబుతాడు. ఉత్తరక్రియలు జరగని ప్రేతం ఇంటి చుట్టూ తిరుగుతుందంటారు. ఆ ప్రేతం ఆ ఇంట్లోనే, ఆ వాహనం మీదనే, తండ్రి వీపులోనే ఉన్నది. కొడుకు వెదుకుతున్నది దానినే.

కాశీలో అడిగిన ప్రశ్న

ఇక్కడ యాత్రను కొంతసేపు ఆపి, కాశీకి వెళ్ళవలసి ఉన్నది. 1950ల ఆరంభంలో యువకుడైన పిర్సిగ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భారతీయ దర్శనాలను అధ్యయనం చేశాడు. మదనమోహన మాలవీయ పండితుని తపఃఫలమైన విద్యాపీఠం అది. తెలుగువారికి ఆత్మీయుడైన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1939 నుండి 1948 వరకు దానికి ఉపకులపతిగా ఉన్నాడు. ఒకనాడు తరగతిలో ఆచార్యుడు జగన్మిథ్యాత్వాన్ని వివరిస్తుండగా పిర్సిగ్ చేయెత్తి అడిగాడు: హిరోషిమా, నాగసాకి నగరాలపై పడిన బాంబులు కూడా మిథ్యయేనా? ఆచార్యుడు చిరునవ్వు నవ్వి, అవునన్నాడు. సంవాదం అంతటితో ముగిసింది. యువకుడు తరగతి విడిచాడు, కాశీ విడిచాడు, భారతదేశాన్నే విడిచిపోయాడు.

ఆ సమాధానం భారతీయ సంప్రదాయం దృష్ట్యా సరియైనదే కావచ్చు కాని, మానవ సంహారాన్ని చూసి కలతపడే మనిషికి అది చాలదని తరువాతి కాలంలో ఆయన అభిప్రాయపడ్డాడు. ఈ మాటను ఆస్తికులు కోపంతో కాక, శ్రద్ధతో వినాలి. ఆయన అడిగినది వితండవాదం కాదు. 1945లో రెండు నగరాలు భస్మమైన తరువాత ఆ తరం యువకుడు అడగకుండా ఉండలేని ప్రశ్న అది.

అద్వైత సిద్ధాంతంలో మిథ్య అంటే అసత్తు కాదు. కుందేటికొమ్ము అసత్తు, అది ఏనాడూ ఎవరికీ కనిపించదు, ఎవరినీ పొడవదు. జగత్తు అటువంటిది కాదు. అది బ్రహ్మం వలె త్రికాలాబాధ్యమైన సత్తూ కాదు. అందువల్ల దానిని సదసద్విలక్షణం, అనిర్వచనీయం అన్నారు. పారమార్థికం, వ్యావహారికం, ప్రాతిభాసికం అని సత్తను మూడు విధాలుగా విభజించినది ఇందుకోసమే. తాటిలో కనిపించిన పాము ప్రాతిభాసికం. దీపం తెస్తే పోతుంది. ఆకలి, అన్నం, దెబ్బ, మందు, తల్లి, బిడ్డ, ఇవన్నీ వ్యావహారికాలు. బ్రహ్మజ్ఞానం ఉదయించేవరకు లౌకిక, వైదిక వ్యవహారాలన్నీ సత్యంగానే ఉంటాయని భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యంలో స్పష్టంగా ప్రతిపాదించారు. అట్లు కాకపోతే శాస్త్రానికే ప్రవృత్తి ఉండదు; దానం, దయ, ప్రాయశ్చిత్తం అన్నీ వ్యర్థమవుతాయి. మాయావాదానికి జగత్తు శూన్యమైన భ్రాంతి అని అర్థం కాదని రాధాకృష్ణ పండితుడు కూడా తన గ్రంథాలలో వాదించాడు. సమాధానం ఆ విద్యాపీఠపు ప్రాంగణంలోనే ఉన్నది. అడిగినవానికి అందలేదు.

బాంబు మిథ్య అయితే, దానిని తయారుచేసిన చేతులూ మిథ్యయే, 'మిథ్య' అని పలికిన నోరూ మిథ్యయే. తన కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు వ్యవహారంలో ఉండి, ఇతరుల ఇల్లు కాలుతున్నప్పుడు మాత్రం పరమార్థానికి ఎక్కి కూర్చోవడం వేదాంతం కాదు.

ఒక చిరునవ్వును మరొక చిరునవ్వుతో పోల్చి చూడవచ్చు. కురుక్షేత్రంలో రెండు సేనల మధ్య కూలబడిన అర్జునునితో మాట్లాడబోయే ముందు భగవానుడు నవ్వినట్లున్నాడని సంజయుడు చెప్పాడు. శోకింపదగనివారిని గురించి శోకిస్తున్నావని భగవానుడు కూడా మొదటనే అన్నాడు. కాని ఆ మాటతో ఆపలేదు. పదునెనిమిది అధ్యాయాలు మాట్లాడాడు. అడిగిన ప్రశ్ననే మరల మరల అడిగినా విసుగుకోలేదు. చివరకు, అంతా విచారించి నీకు తోచినట్లు చేయమని విడిచిపెట్టాడు. నవ్వు రెండు చోట్లా ఉన్నది. ఒకచోట అది సంవాదానికి ముగింపు, మరొకచోట ఆరంభం.

గీతారథంలో మరొక విశేషం కూడా ఉన్నది. కఠోపనిషత్తులోని రథరూపకంలో ఆత్మ రథి, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. అక్కడ రథం నడుస్తున్నది. గీతలో రథం ఆగింది. ముందు కూర్చున్న సారథి వెనుక ఉన్నవాని దుఃఖం కోసం రథాన్ని ఆపి, ముఖం వెనుకకు తిప్పాడు. జగద్గురుత్వం ఆ తిరగడంలోనే ఆరంభమైనది.

సముద్రతీరంలో ఆగిన వాహనం

యాత్ర చివరి దినాలలో, కాలిఫోర్నియా తీరంలో, పొగమంచు కమ్మిన ఒక కొండచరియ మీద పిర్సిగ్ వాహనం ఆపాడు. తనకు మరల మతి చలించబోతున్నదని ఆయనకు భయం. కొడుకును బస్సులో ఇంటికి పంపివేద్దామని నిశ్చయించుకొని ఆ మాట చెప్పాడు. బాలుడు నేలపై పడి గుండె పగిలేలా ఏడ్చాడు. అప్పుడు, ఇన్ని సంవత్సరాలూ అడగనిది అడిగాడు: ఆసుపత్రి అద్దపు తలుపు వెనుక నిలబడి నీవు తలుపు ఎందుకు తీయలేదు? మమ్మల్ని ఎందుకు విడిచిపోయావు? తలుపు తీయనివ్వలేదని తండ్రి చెప్పాడు. బాలుడు చివరి ప్రశ్న వేశాడు: నీకు నిజంగా పిచ్చి పట్టిందా? లేదని తండ్రి అన్నాడు. నాకు తెలుసునని కొడుకు అన్నాడు.

వైద్యుల దృష్టిలో ఆ సమాధానం సరియైనదా కాదా అన్న విచారం ఇక్కడ అనవసరం. ఆ క్షణంలో తండ్రి సంవత్సరాల తరబడి మృతుడని చెప్పుకుంటున్న తన పూర్వరూపాన్ని తనలోకి తిరిగి స్వీకరించాడు. ఆ రూపంతో కొడుకువైపు తిరిగి మాట్లాడాడు. తరువాత ఇద్దరూ శిరస్త్రాణాలు తీసివేసి ప్రయాణించారు. క్రిస్ పాదాలు ఆన్చే కడ్డీల మీద నిలబడి తండ్రి భుజాల మీదుగా ముందుకు చూశాడు. ఇంతకాలం నీ వీపే చూస్తూ వచ్చాను, ఇప్పుడంతా కనిపిస్తున్నదని సంతోషించాడు. వేలాది మైళ్ళు ఒకే ఆసనంపై కూర్చొని వచ్చిన ఇద్దరికి సహయాత్ర అక్కడ మొదలైనది.

కఠోపనిషత్తును వినేవారు నచికేతుని మూడవ వరాన్నే ఎక్కువగా స్మరిస్తారు. మరణించిన తరువాత జీవుడు ఉన్నాడా లేడా అన్న మహాప్రశ్న అది. రెండవ వరం అగ్నివిద్య. మొదటి వరం చిన్నదిగా కనిపిస్తుంది కనుక చాలామంది త్వరగా దాటిపోతారు. యాగసమయంలో కోపంతో "నిన్ను మృత్యువుకు ఇచ్చాను" అన్న తండ్రి శాంతమనస్కుడై, తాను తిరిగి వెళ్ళినప్పుడు తనను గుర్తుపట్టి, ప్రీతితో పలకరించాలి: ఇది ఆ బాలుడు కోరిన మొదటి వరం. సాక్షాత్తు మృత్యుదేవత ఎదుట నిలబడి, ఏదైనా కోరగలిగిన చోట, ఆత్మవిద్యకంటె ముందు, స్వర్గసాధనకంటె ముందు, తండ్రి తనను గుర్తుపట్టాలని కోరాడు. ఆ వరాన్ని యముడు వెంటనే అనుగ్రహించాడు. మూడవ వరానికి పెట్టిన పరీక్ష దీనికి పెట్టలేదు.

పిర్సిగ్ జీవితమంతా మూడవ వరం వెంట పరుగెత్తాడు. వెనుక కూర్చున్న క్రిస్ అడుగుతున్నది మొదటి వరం. తత్త్వజిజ్ఞాస తప్పు కాదు. కాని ఉపనిషత్తు చూపిన క్రమాన్ని తారుమారు చేసినవాని ఇంట్లో బాలుడు కడుపునొప్పితో ఏడుస్తాడు.

మూడవ ప్రశ్న

కథ సముద్రతీరంలో ముగిసి ఉంటే సుఖాంతమని చెప్పుకోవచ్చు. కాని 1979 నవంబరు 17 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో, తాను ధ్యానవిద్య అభ్యసిస్తున్న జెన్ సెంటర్ సమీపంలో, దోపిడీకి వచ్చినవారి కత్తిపోటుకు క్రిస్ బలి అయ్యాడు. ఇరవై మూడవ జన్మదినానికి రెండు వారాలు మాత్రమే మిగిలి ఉన్నవి.

1984లో ఆ గ్రంథానికి చేర్చిన అనంతరవాక్యంలో తండ్రి ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాడు: క్రిస్ ఎక్కడికి వెళ్ళాడు? బట్టలు ఉన్నవి, పుస్తకాలు ఉన్నవి, కొన్న విమానం టిక్కెట్టు ఉన్నది. మనిషి మాత్రం లేడు. దహనం తరువాత పెట్టెలో పెట్టి ఇచ్చిన అస్థికలలో ఉన్నాడా? నచికేతుని మూడవ ప్రశ్న ఈసారి గ్రంథాల నుండి కాక, శ్మశానం నుండి వచ్చింది. ఎవరైనా వచ్చి "అంతా మిథ్య" అని నవ్వి ఉంటే ఆయన ఏమై ఉండేవాడో ఊహించుకోవచ్చు.

ఆయన తనంతట తాను చేరుకున్న సమాధానం విచారణీయమైనది. పోయినవాడు కేవలం ఒక దేహం కాడు. అనేక సంబంధాలు అల్లుకొన్న ఒక విన్యాసం. ఆ అల్లికలో తండ్రి కూడా ఒక పోగు. దేహం తొలగిపోయినా ఆ అల్లిక ఒక్కసారిగా నశించదు. చిరిగిన అంచులతో, అంటుకోవడానికి ఏదో ఒక ఆధారం వెదుకుతుంది. అందుకే మనుషులు సమాధిశిలలను, మృతుని వస్తువులను పట్టుకొని విలపిస్తారు. కొంతకాలానికి ఆ దంపతులకు ఆడశిశువు జన్మించినప్పుడు, ఆ అల్లికయే మరల ఒక ఆధారం కనుగొన్నదని ఆయన భావించాడు.

శ్రాద్ధకర్మ తెలిసినవారికి ఈ మాటలు కొత్తగా తోచవు. దహనానంతరం పది దినాలు పిండప్రదానంతో ప్రేతానికి ఒక ఆధారం కల్పించడం, సపిండీకరణంతో దానిని పితృపంక్తిలో చేర్చడం, నామగోత్రాలతో పిలవడం, తాత పేరు మనుమనికి పెట్టడం, ఇవన్నీ చిరిగిన అల్లికను మరల నేయడమే. కర్మకాండను అజ్ఞానుల కోసమని చులకన చేసే వేదాంతులు ఈ విషయాన్ని ఆలోచించాలి. పరమార్థంలో ఆత్మకు జననమరణాలు లేవు; సత్యం. ఆ సత్యం తెలిసిన ఋషులే వ్యవహారంలో తర్పణం విడవమన్నారు. దుఃఖితుని చేతికి నువ్వులూ నీళ్ళూ అందించి, పది దినాలు పక్కన కూర్చొని, ఆ తరువాతనే గరుడపురాణమో గీతయో వినిపించమన్నారు. ఆ క్రమంలోనే దయ ఉన్నది.

1991లో వెలువడిన 'లైలా' అనే రెండవ గ్రంథంలో పిర్సిగ్ తాను జీవితమంతా వెదకిన 'మేలిమి'కి మూలాలను అన్వేషిస్తూ, ఋగ్వేదంలోని ఋత శబ్దం దగ్గరకు వచ్చి ఆగాడు. సూర్యచంద్రుల గతిని, నదుల ప్రవాహాన్ని, మనిషి ధర్మాన్ని ఒకే సూత్రంలో నిలిపే ఆ శబ్దంలో తన ప్రశ్నకు పురాతనమైన ఛాయను చూశాడు. కాశీ నుండి అలిగి వెళ్ళినవాడు నాలుగు దశాబ్దాల తరువాత వేరొక దారిలో వేదం గుమ్మం ముందుకే వచ్చాడు. 2017 ఏప్రిల్ 24న ఆయన దేహం చాలించాడు.

సాధకునికి ఒక హెచ్చరిక

తెలుగు నేల మీద కూడా ఈనాడు ఎందరో ద్విచక్రవాహనాలపై పుణ్యక్షేత్రాలకు వెళుతున్నారు. శ్రీశైలం కనుమదారిలో భార్య వెనుక కూర్చొని ఉంటుంది, ట్యాంకు మీద పసివాడు కూర్చొని ఉంటాడు. కొందరు మిత్రులతో కలిసి కాశీ వరకు, హిమాలయాల వరకు వెళ్ళి వస్తున్నారు. అందరూ క్షేమంగా వెళ్ళి రావాలి. కాని వాహనం లేని యాత్రికుడు కూడా ఇంటింటా ఉన్నాడు. జపం, పారాయణం, ప్రవచన శ్రవణం, ఆత్మవిచారం అనే వాహనమెక్కి వేగంగా ముందుకు పోతున్నవాడు. వాని వీపు మాత్రమే చూస్తున్నవారు ఇంట్లో ఉంటారు. వారు మోక్షాన్ని గురించి అడగరు. తమను గుర్తుపట్టి పలకరించమని అడుగుతారు.

పిర్సిగ్ విన్న శబ్దం పెట్రోలు ఉన్నదని చెప్పింది. తిప్పవలసిన మీట తిప్పలేదు. ఇంట్లో స్నేహం నిండుగానే ఉన్నదని సాధకుడు కూడా అనుకుంటాడు. అది ఉన్నది నిజమే, కాని రిజర్వులోనే ఉండిపోతుంది. దానిని తెరవడానికి గొప్ప తపస్సు అవసరం లేదు. పార్థసారథి చేసినట్లు రథాన్ని ఒక్క క్షణం ఆపి, ముఖం వెనుకకు తిప్పితే చాలు.

మొదటి వరం మానవులే ఇవ్వగలిగినది. దానిని ఇచ్చినవాడు మూడవ వరాన్ని అడగడానికి అర్హుడవుతాడు.

స్వస్తి.